ఇంచుల సాంచ, మిల్లీమీటర్ల మిషన్
(సమాఖ్య వార్షికోత్సవ సభలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)



నన్ను "విద్యార్థుల భవిష్యత్తు" మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నా నోటికి పట్టదు. నేను షోలాపూర్‌లో డిప్లొమా పిల్లలకు మెషిన్ షాపులో పాఠం చెప్పేవాణ్ణి. చేతికి కూలెంట్ వాసన, చొక్కాకు ఇనుప రజను. అందుకని నాకు తెలిసిన ఒక్క సంగతే చెప్తాను. ఆఖరి సంవత్సరంలో పిల్లలు చేసే ప్రాజెక్టుల గురించి. అందులోనూ సీఎన్‌సీ మిషన్ మీద, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కోసే మిషన్ మీద చేసే పనుల గురించి. ఇందులో మన నేత ఇళ్ళకు సంబంధించింది చాలా ఉంది. అదెట్లాగో చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. ఇక్కడ కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి, ఒడిశా నుంచి, యానాం నుంచి వచ్చినవాళ్ళున్నారు. మేం షోలాపూర్, భివండి వాళ్ళం కరెంటు మగ్గాన్ని సాంచ అంటాం. మీలో కొందరు మగ్గమే అంటారు, కొందరు పవర్‌లూమ్ అంటారు. నేను అలవాటు కొద్దీ సాంచ అనే అంటాను, మీరు మీ మాట పెట్టుకుని వినండి.

పోయినసారి ఒక పిల్లవాడి ప్రాజెక్టు గురించి చెప్పి మొదలుపెడతా. పేరు చెప్పను, సిగ్గుపడతాడు. వాళ్ళ నాయిన అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో నాలుగు సాంచల కార్ఖానాలో పని చేస్తాడు. వాళ్ళ తాత ఆ రోజుల్లో జాబర్, అంటే సాంచలు బాగుచేసే మనిషి. ఒక సాంచలో బట్ట చుట్టే రోలర్‌ను తిప్పే గేర్ల వరుస ఉంటుంది కదా, అందులో ఒక చక్రం పండ్లు అరిగిపోయాయి. పండు అరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రోలర్ ఒకసారి జారుతుంది, ఒకసారి ఆగుతుంది. బట్టలో ఒకచోట పేక దట్టం, ఒకచోట పలుచన. అడ్డంగా చారలు పడతాయి. ఆ టవల్‌ను సేఠ్ పక్కన పడేస్తాడు, కూలి కోస్తాడు. పాత మోడల్ సాంచ, ఆ చక్రం బజారులో దొరకలేదు. తుక్కు దుకాణంలో దొరికిందీ అరిగిందే.

పిల్లవాడు నా దగ్గరికొచ్చి "సార్, ఇది మన మిషన్ మీద చేయొచ్చా?" అన్నాడు. చేయొచ్చు, కొలత తీసుకురా అన్నాను. పండ్లు లెక్కపెట్టాడు, 30. వెర్నియర్‌తో బయటి వ్యాసం కొలిచాడు, 101 మిల్లీమీటర్ల చిల్లర. పుస్తకంలో ఉన్న లెక్క ఏమిటంటే, గేరు బయటి వ్యాసం మాడ్యూల్‌ను పండ్ల సంఖ్యకు రెండు కలిపి గుణిస్తే వచ్చేంత. అంటే 101ని 32తో భాగించాలి. 3.15 చిల్లర వచ్చింది. పుస్తకంలో మాడ్యూల్ 3 ఉంది, ఆ తర్వాత 4 ఉంది. 3.15 ఏమిటి? "పాతది కదా, కొలత తప్పి ఉంటది" అనుకుని మాడ్యూల్ 3 అని రాసుకున్నాడు.

ఇక్కడ ఆగి ఒకసారి ఆలోచించండి. అరిగిన చక్రం చిన్నదవుతుంది, పెద్దదవుతుందా? మాడ్యూల్ 3 అయితే కొత్త చక్రమే 96 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగిన చక్రం 101 ఎట్లా ఉంటుంది? ఈ ప్రశ్న వాడికి రాలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ రాలేదు. వంద పేపర్లు దిద్దుతూ "సరే, కానీ" అన్నాను.

నైలాన్ దిమ్మె తెచ్చి, కంప్యూటర్‌లో బొమ్మ గీసి, మిషన్ మీద రెండు గంటలు కోశాడు. చూడడానికి ముచ్చటగా వచ్చింది. మెరుపు చూసి డిపార్ట్‌మెంట్‌లో అందరూ మెచ్చుకున్నారు. ఆదివారం కార్ఖానాకు పట్టుకుపోయి బిగించాడు. పండ్ల కొసలు మాత్రం పక్క చక్రానికి తగిలాయి, తిప్పితే టక టక దాటిపోయింది. వాళ్ళ నాయిన ఒక్క మాట అనలేదట. వెళ్ళి పక్క సాంచలో కండె మార్చుకున్నాడట. అది వాడికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

అప్పుడు తాత ఆ పాత చక్రం తెమ్మన్నాడు. కళ్ళు సరిగా కనపడవు ఆయనకు. వేలితో పండ్లు తడిమి, పాత ఇనుప అడుగుబద్ద పెట్టి, "ఇది ఇంచుల సాంచ బిడ్డా. నువ్వు మిల్లీమీటర్లు పట్టుకుని తిరుగుతున్నవ్. పండ్లు ముప్పై, రెండు కలుపు, ముప్పై రెండు. అడ్డం కొలత నాలుగు ఇంచులు. ముప్పై రెండును నాలుగుతోటి భాగించు, ఎంతొచ్చె? ఎనిమిది. ఇది ఎనిమిది పిచ్చి చక్రం" అన్నాడు.

అంతే సంగతి. మన పాత సాంచలు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ సాంచల నమూనా చూసి చేసినవి. అక్కడి వాళ్ళు గేర్లను మాడ్యూల్‌లో కాదు, ఇంచు వ్యాసానికి ఎన్ని పండ్లు అన్న లెక్కలో చేసేవారు. దాన్ని డయామెట్రల్ పిచ్ అంటారు. ఎనిమిది పిచ్ అంటే మన లెక్కలో 25.4ను ఎనిమిదితో భాగిస్తే వచ్చేది, 3.175. పిల్లవాడికి వచ్చిన 3.15 తప్పు కాదు. అరుగు పోను సరిగ్గా అదే. సరైన జవాబును తప్పనుకుని కొట్టేశాడు, పుస్తకంలో లేదని.

కథ అయిపోలేదు. 3.175తో మళ్ళీ కోశాడు. ఈసారి సరిగ్గా కూర్చుంది, తిరిగింది, కానీ గురగురమని మోత. పది నిమిషాలకు వేడెక్కింది. ఏమిటా అని వారం రోజులు తల పట్టుకున్నాం. పండు వాలు కోణం తేడా. ఈ రోజుల్లో గేర్లు 20 డిగ్రీల కోణంతో చేస్తారు, మన సాఫ్ట్‌వేర్ కూడా తనంతట తాను 20 వేసుకుంటుంది. పాత ఇంచుల గేర్లలో చాలావాటికి పద్నాలుగున్నర డిగ్రీలు. పాత చక్రంలో అరగని వైపు పండును కాగితం మీద ముద్ర తీసి, బొమ్మతో పోల్చి చూస్తే తేలింది. మూడోసారి కోసినప్పుడు గాడి అడుగు సన్నంగా ఉంటుంది కాబట్టి చివరి కోతకు 2 మిల్లీమీటర్ల కట్టర్ పెట్టాం. మెల్లగా, చాలా మెల్లగా. ఆ చక్రం ఇప్పటికీ నడుస్తోంది. నైలాన్‌ది కాబట్టి ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేను, కానీ ఆ బొమ్మ, ఆ ప్రోగ్రామ్ మా దగ్గర ఉన్నాయి. అరిగితే మళ్ళీ కోయొచ్చు, కావాలంటే కాస్ట్ ఐరన్‌లో కోయొచ్చు.

ప్రాజెక్టు రిపోర్టులో వాడు రెండు చెడిపోయిన చక్రాల ఫోటోలు కూడా పెట్టాడు. ఎందుకురా, మార్కులు తగ్గుతాయేమో అని స్నేహితులు భయపెట్టారట. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఆ రెండు ఫోటోల మీదే ముప్పావు గంట అడిగాడు. వాడు చెప్పగలిగాడు.

ఇప్పుడు ఈ పక్క కథ కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను ఇక్కడికి వచ్చి లాభం లేదు. కొంతమందికి కోపం రావచ్చు.

ప్రాజెక్టులు అమ్మే దుకాణాలున్నాయి. డబ్బులిస్తే మిషన్, రిపోర్టు, బైండింగ్ అన్నీ ఇస్తారు. నోటితో చెప్పాల్సింది కూడా రాసిస్తారు. అవే మిషన్లు ఏటేటా రంగు మార్చుకుని వస్తాయి. నేను చూడగానే గుర్తుపడతాను, కిందటేడు మేకు గీత కూడా అక్కడే ఉంటుంది. ఒక పిల్లవాడు అట్లాంటి చిన్న సీఎన్‌సీ మిషన్ తెచ్చి పెట్టాడు. నేను అడిగింది ఒకటే: "ఎక్స్ వైపు వంద మిల్లీమీటర్లు నడువు అంటే ఇది 98 నడుస్తోంది. ఏం చేస్తావ్?" చెప్పలేకపోయాడు. బయటికి పోయాక వాళ్ళ అమ్మ వరండాలో నిలబడి ఉంది. చేతి వేళ్ళ కొసలకు తునికాకు మరక. మన షోలాపూర్ తూర్పు భాగంలో ఆ మరక లేని అమ్మ ఎంతమంది? సాంచ మీద నాయిన, ఇంట్లో బీడీల చాట ముందు అమ్మ. వెయ్యి బీడీలు చుడితే ఇంత అని లెక్క. ఆ దుకాణం వాడికి ఇచ్చిన డబ్బు ఎన్ని వేల బీడీలో ఆమెకు నోటి లెక్క. ఆమె అడిగింది, "సార్, ఆ మిషన్ మంచిగ నడిచిందా?" అని. నేను నడిచిందమ్మా అన్నాను. అబద్ధమాడాను. ఆ అబద్ధం ఇంకా నా గొంతులో ఉంది.

ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టడం తేలిక. తప్పు మాలో కూడా ఉంది. ఆగస్టులో చెప్పాల్సిన అంశం జనవరిలో చెప్తాం. నలుగురికి ఒక ప్రాజెక్టు ఇస్తాం, ఒకడు చేస్తాడు, ముగ్గురు సంతకం పెడతారు. మిషన్ పాడవుతుందని తాళం వేసి ఉంచుతాం. మిషన్ ముట్టనివ్వకుండా మిషన్ పని నేర్పడం ఎట్లా? మగ్గం ముట్టనివ్వకుండా మీ తాతలు ఎవరికైనా నేత నేర్పారా?

ఆ 98 మిల్లీమీటర్ల ప్రశ్నకు జవాబేమిటో ఇక్కడే చెప్తాను, ఎందుకంటే ఇది చాలా చిన్న లెక్క, ఏడో తరగతి త్రైరాశికం. చిన్న మిషన్లు పిల్లలు ఇంట్లోనే కట్టుకోవచ్చు. ఆర్డ్యునో అనే చిన్న బోర్డు, దాంట్లో జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రామ్, మూడు స్టెప్పర్ మోటార్లు. స్టెప్పర్ మోటార్ అంటే సాధారణంగా ఒక చుట్టుకు 200 అడుగులు వేసేది. ఒక్కో అడుగును డ్రైవర్ 16 ముక్కలు చేస్తే చుట్టుకు 3,200. స్క్రూ ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు నడిపిస్తే, మిల్లీమీటరుకు 400 అడుగులు. ఈ 400 అన్న అంకెను జీఆర్‌బీఎల్‌లో వేయాలి. వంద చెప్తే 98 నడిచిందంటే, 400ను వందతో గుణించి 98తో భాగించు, 408 చిల్లర వేసి మళ్ళీ కొలువు. అయితే అంకె మార్చే ముందు స్క్రూ వదులుగా ఉందా, మోటార్ అడుగులు తప్పుతోందా చూడాలి. వదులుగా ఉన్న మిషన్‌ను అంకెతో సరిచేస్తే, అది పన్నె విరిగిన మగ్గానికి గంజి ఎక్కువ పెట్టినట్టు.

ఈ లెక్కతోనే మా దగ్గర ఒక ఆడపిల్ల మంచి పని చేసింది. జాకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టే మిషన్. షోలాపూర్ చద్దర్ మీద నెమలి అయినా, పువ్వు అయినా, జాకార్డ్ లేకుండా రాదు. డిజైన్ మారిందంటే కొత్త అట్టలు కొట్టించాలి, వంతు కోసం కూర్చోవాలి. ఆ పిల్ల వాళ్ళ మేనమామ కార్ఖానాలో ఈ బాధ చూసింది. బెల్టుతో నడిచే చిన్న మిషన్ కట్టి, కత్తి బదులు కొట్టుడు మొల పెట్టింది. కంప్యూటర్‌లో డిజైన్ గడులు నింపితే మిషన్ వరుసగా రంధ్రాలు కొడుతుంది. మొదటి అట్ట మొదటి సగం బాగుంది, చివరికి పోయేసరికి రంధ్రాలు సూదులకు ఎదురు రాలేదు. 300 మిల్లీమీటర్లు నడవమంటే 297 నడుస్తోంది. ఒక్కో రంధ్రం దగ్గర కంటికి కనపడని తప్పు, చివరికి పోగై మూడు మిల్లీమీటర్లు. పుల్లీని తనే త్రీడీ ప్రింటర్ మీద చేసుకుంది, అది కొంచెం చిన్నదిగా వచ్చింది. లెక్క ప్రకారం మిల్లీమీటరుకు 80 అడుగులు, సరిచేస్తే 80.8. అట్ట కుదిరింది.

"ఎలక్ట్రానిక్ జాకార్డ్‌లు వచ్చాయి కదా, అట్టలే పోతున్నాయి, ఇదెందుకు?" అని నేనే అడిగాను. ఆ పిల్ల అంది, "సార్, ఎలక్ట్రానిక్ జాకార్డ్ కొనేవాళ్ళకు నా మిషన్ అక్కర్లేదు. కొనలేనివాళ్ళ కోసం చేసిన." దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు.

జాకార్డ్ మాట వచ్చింది కాబట్టి ఒక చరిత్ర చెప్పి వదిలేస్తా. ఫ్రాన్స్‌లో లియాన్ అని పట్టు నేత ఊరు. అక్కడ 1804 ప్రాంతంలో జోసెఫ్ మేరీ జాకార్డ్ తన మగ్గం సిద్ధం చేశాడు. అంతకు ముందు బూషాన్, ఫాల్కన్, వోకాన్సన్ అనేవాళ్ళు రంధ్రాల కాగితంతో ప్రయత్నాలు చేసి ఉన్నారు, ఆయన వాటిని కలిపి పనికొచ్చేట్టు చేశాడు. అట్టలో రంధ్రం ఉంటే సూది లోపలికి పోతుంది, కొక్కెం లేస్తుంది, పడుగు దారం లేస్తుంది. రంధ్రం లేకపోతే లేవదు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట.

ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్ళకు అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయనకు హెలికాప్టర్ రెక్కల పని వచ్చింది. ఆ రెక్క ఒంపు చేతితో సరిగ్గా కోయడం కుదరలేదు. ఒంపును చుక్కల వరుసగా విడగొట్టి, ఆ చుక్కల లెక్కలు రంధ్రాల అట్టలతో పనిచేసే లెక్కల మిషన్‌తో కట్టించాడు. ఆ ఆలోచన ఎంఐటీ అనే విద్యాసంస్థకు చేరి, 1952లో అక్కడ ఒక మిల్లింగ్ మిషన్ రంధ్రాల టేప్ చదివి తనంతట తాను లోహం కోసింది. సీఎన్‌సీకి అది మొదలు. అంటే మన ఇంట్లో పిల్లలు పొయ్యిలో వేసి కాల్చిన చిరిగిన జాకార్డ్ అట్ట లాంటిదే ఆ టేప్ కూడా. రంధ్రం ఉందా లేదా, అంతే భాష.

అయితే ఈ పోలికను మరీ సాగదీయొద్దు. కొందరు ఉపన్యాసకులు "కంప్యూటర్ కనిపెట్టింది నేతగాడే" అని చప్పట్లు కొట్టిస్తారు. జాకార్డ్ ఏ దారం లేవాలో చెప్తుంది. సీఎన్‌సీ ఎక్కడికి పోవాలో, ఎంత వేగంతో పోవాలో చెప్తుంది, పోయిందో లేదో పెద్ద మిషన్లయితే తిరిగి చూసుకుంటుంది కూడా. పని వేరు. కానీ మన పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. వరుసకు ఒక ఆజ్ఞ, ఒక వరుస తప్పితే బట్ట అంతా తప్పు అన్న సంగతి వాళ్ళకు పుస్తకం చెప్పక్కర్లేదు. జి-కోడ్‌లో కూడా వరుసకు ఒక ఆజ్ఞే. జి00 అంటే వేగంగా పో, జి01 అంటే గీత గీసినట్టు కోస్తూ పో, జి02, జి03 అంటే ఒంపు తిరుగు, ఎం03 అంటే స్పిండిల్ తిప్పు, ఎం30 అంటే పని ముగిసింది. జి20 అంటే ఇంచులు, జి21 అంటే మిల్లీమీటర్లు. మన తాతకు తెలిసిన గొడవే మిషన్‌లో కూడా ఉంది చూడండి.

ఇప్పుడు భయపడాల్సిన సంగతి. ఒకసారి నేనే మిషన్ గుద్దించాను. రెండో టూల్ పెట్టి, పొడవు లెక్క మాత్రం మొదటి టూల్‌ది పిలిచాను. ప్రోగ్రామ్‌లో జి43 హెచ్02 ఉండాల్సిన చోట హెచ్01 ఉంది. రెండో టూల్ 30 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. జి00తో కిందికి వచ్చి నేరుగా వైస్‌లోకి దిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ కలలో వస్తుంది. కట్టర్ ముక్కలు తలుపు అద్దానికి కొట్టుకున్నాయి. తలుపు వేసి ఉంది కాబట్టి ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నా. అందుకే మా పిల్లలకు మొదటి రోజు చెప్పేది: ముందు కంప్యూటర్‌లో నడిపి చూడు, క్యామోటిక్స్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. తర్వాత మిషన్ మీద ముడి సరుకు లేకుండా గాలిలో నడుపు. తర్వాత సింగిల్ బ్లాక్ పెట్టి ఒక్కో వరుసా నడుపు, వేగం మీట తగ్గించి, వేలు ఎర్ర బటన్ మీద పెట్టి.

తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు వేసుకోవద్దు. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు, చేతికి రక్షణ కదా అని. తొడుగు చిక్కితే చెయ్యిని లాక్కుంటుంది. పొట్టును బ్రష్‌తో తీయాలి, చేత్తో కాదు. దుపట్టా, వదులు చేతుల చొక్కా, మెడలో తాయెత్తు దారం, విప్పిన జుట్టు వద్దు. సాంచ షాఫ్టుకు చీర కొంగు చుట్టుకున్న కథలు మన ఇళ్ళల్లో ఉన్నాయి. అంతకంటే నేను వివరించను.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఇది నేర్చుకుంటే నౌకరీ వస్తదా?" వస్తుంది. పుణె పక్కన భోసరి, చాకణ్, బెంగళూరు పీణ్య, హోసూరు, కోయంబత్తూరు, ఎక్కడ చూసినా ఈ మిషన్లే. కానీ రెండు రకాల నౌకరీలున్నాయి. ఒకటి తలుపు తీయడం, ముక్క పెట్టడం, పచ్చ బటన్ నొక్కడం, ముక్క తీయడం. ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు ఇదే. వాళ్ళకు ఆపరేటర్ అని పేరు. జీతం సాంచ కూలి కంటే కొంచెం మేలు, కొన్నిచోట్ల అదీ కాదు. రెండోది టూల్ సెట్ చేయడం, ప్రోగ్రామ్ రాయడం, తేడా వస్తే ఎందుకొచ్చిందో కనిపెట్టడం. ఈ రెండింటి మధ్య తేడా సర్టిఫికెట్‌లో కనపడదు. ప్రాజెక్టు కొన్నవాడు మొదటిదాంట్లో ఆగిపోతాడు. చెడిపోయిన చక్రాల ఫోటో దాచుకున్నవాడు రెండోదానికి పోతాడు. నా కళ్ళ ముందు జరిగిన సంగతే చెప్తున్నా.

చదువు దారుల గురించి క్లుప్తంగా. డిప్లొమా ఒక్కటే దారి కాదు. ఐటీఐలో మెషినిస్ట్, టర్నర్, టూల్ అండ్ డై మేకర్ కోర్సులు రెండేళ్ళవి. పదో తరగతి తర్వాత టూల్ రూమ్‌లలో డిప్లొమా చేరొచ్చు. ఔరంగాబాద్‌లో ఇండో జర్మన్ టూల్ రూమ్, హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ, కర్ణాటకలో ప్రభుత్వ టూల్ రూమ్ అయిన జీటీటీసీ శాఖలు, భువనేశ్వర్‌లో సీటీటీసీ. ఇవి పిల్లలను మిషన్ల దగ్గరే ఎక్కువసేపు నిలబెట్టే చోట్లు. తాళం వేసి ఉంచే చోట్లు కావు. ఆడపిల్లలను కూడా పంపండి. బరువు ఎత్తాలి కదా అంటారు. బరువుకు క్రేన్ ఉంది, మిషన్‌కు కావాల్సింది చూపు, ఓపిక. పడుగు దారం తెగితే ముడి వేసిన చేతికి అవి లేవా?

ఇంకొక సంగతి దాచను. ఈ చక్రం చేసినంత మాత్రాన ఆ నాయిన కూలి పెరగలేదు. సాంచ ఆగే రోజులు తగ్గాయి, అంతే. నూలు ధర, ఆర్డర్లు, కూలి రేటు మిషన్ షాపులో తేలేవి కావు. కొత్తరకం ర్యాపియర్ మగ్గాల ముందు మన పాత సాంచ ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరు చెప్పగలరు? పిల్లలకు నేను సాంచను కాపాడమని చెప్పడం లేదు. చేతికి దగ్గరగా ఉన్న కష్టం మీద ప్రాజెక్టు చేయమంటున్నా. దూరంగా ఉన్నదాని మీద చేస్తే తప్పు ఎక్కడుందో చెప్పే తాత దొరకడు.

తెలంగాణలో ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు మనకు తెలిసిన పేరే. వాళ్ళమ్మ లక్ష్మి గారు ఆసు పోస్తూ రోజుకు వేలసార్లు చెయ్యి ఊపి భుజం నొప్పితో బాధపడటం చూసి, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పనిని మా క్లాసులో చెప్తే పిల్లలు మొదట అడిగేది అవార్డు సంగతి. నేను చెప్పేది ఆయన ముందు ఏళ్ళ తరబడి పడ్డ పాట్లు. మోటార్లు కొని, విప్పి, చెడగొట్టి, మళ్ళీ అప్పు చేసి. అది కూడా ఒక ప్రాజెక్టే, గైడ్ లేని ప్రాజెక్టు.

సమాఖ్య పెద్దలకు నాదొక విన్నపం. స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నారు, సంతోషం. దాంతో పాటు ప్రతి ఊళ్ళో ఒక పెట్టె పెట్టండి. అరిగిన చక్రాలు, విరిగిన పిక్కింగ్ కర్రలు, నాడె మొనలు, ఇప్పుడు దొరకని ఏ ముక్క అయినా అందులో వేయమనండి. చీటీ మీద ఏ సాంచది, ఎందుకు చెడింది రాయమనండి. రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి. ఆగస్టులో ఆ పెట్టె మా లాంటివాళ్ళకు ఇవ్వండి. దుకాణానికి పోయే పని తగ్గుతుంది. ఊరికి ఒక రిటైర్డ్ జాబర్‌ను ఆ పిల్లలకు గురువుగా పెట్టండి, ఆయనకు శాలువా కప్పడంతో పాటు రాకపోకల ఖర్చు కూడా ఇవ్వండి. శాలువాలు ఇంట్లో చాలా ఉంటాయి.

చక్రాలు మూడూ ఈ బల్ల మీద పెట్టాను. మాడ్యూల్ 3ది, మోత చేసింది, పాతది. నడుస్తున్నది తేలేదు, అది సాంచలో ఉంది. పిల్లలు ముందు పాతదాన్ని కొలవండి, అడుగుబద్ద పక్కనే ఉంది, ఇంచుల వైపు చూడండి. నూనె అంటుతుంది, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కూడా పెట్టాను, మన టవలే. చారలు పడ్డదని సేఠ్ పక్కన పడేసింది.